అన్ని అక్షరాలున్న ఫోను

ఫోను మోగేసరికి ఉమాదేవి చేతులనిండా పురుగులున్నాయి. పొర విడిచే నాలుగో జ్వరం దాటి, ఆకలి మీదున్న పట్టుపురుగులు. తట్టలో ఒకదానిమీదొకటి ఎక్కి ఇరుకైన చోట వాటిని దోసిట్లోకి తీసుకుని పలచగా ఉన్నవైపు పరుస్తోంది. ఊళ్లో వాన పడి ఎన్నాళ్లయిందో గానీ, అవి ఆకు కొరికే చప్పుడుకు ఆ రేకుల షెడ్డులో మాత్రం ఎప్పుడూ సన్నటి జల్లు కురుస్తున్నట్టే ఉంటుంది. ఆ చప్పుడును చీల్చుకుంటూ ఫోను అరిచింది. అది మోగే రకం కాదు, అరిచే రకం. వీపునిండా స్పీకర్లే.

మొదటి రింగుకు చేతుల్లోవి తట్టలోకి వదిలింది. రెండో రింగుకు చేతులు కొంగుకు తుడుచుకుంది. ద్వారం పక్కన కొక్కేనికి వేలాడుతున్న పాలిథిన్ సంచి విప్పి, మూడోది పూర్తికాకముందే పచ్చమీట నొక్కింది. మూడు దాటితే గంగాధర్ ఊరుకోడు.

"యాడున్నావ్?"

"షెడ్డులో, బావా."

"రొప్పుతాండావ్ ఏమి?"

"పురుగులు పరుస్తాంటి."

"షెడ్డులో అయితే చప్పుడే లేదే."

ఉమాదేవి ఫోనును తట్ట దగ్గరికి వంచి పట్టుకుంది. కొంతసేపు ఇద్దరూ పురుగులు మేయడం విన్నారు.

"ఫొటో పంపు," అని పెట్టేశాడు గంగాధర్.

తట్టల వరసను, మూలనున్న ఆకు మోపును, ద్వారంలోంచి పడుతున్న ఎండను ఫొటో తీసింది. కింద 'shed lo unna' అని కొట్టి పంపింది. ఫోను సంచిలో కట్టేసి, బ్లీచింగు కలిపిన బకెట్లో చేతులు ముంచింది. బయటి వస్తువు ఏది ముట్టుకున్నా చేతులు కడగకుండా పురుగులను ముట్టకూడదు. ఫోను వచ్చినప్పటినుంచీ ముంచి ముంచి ఆమె వేలికొసలు పొట్టు లేచాయి.

గంగాధర్ బెంగుళూరులో కంపెనీ ఉద్యోగస్తులను తిప్పే కారు డ్రైవరు. పదిహేను రోజులకోసారి చిలమత్తూరు దగ్గరి ఈ ఊరికి వచ్చిపోతాడు. శివరాత్రికి వచ్చినప్పుడు ఈ ఫోను తెచ్చాడు. అరచేతి వెడల్పు, ఎర్రటి ఒళ్లు. రెండు సిమ్ములు, ముందూ వెనకా కెమెరాలు, రేడియో, టార్చీ, లాగితే మూరెడు సాగే టీవీ ఏరియలు. అన్నిటికంటే వింత దాని మీటలు. మామూలు ఫోన్లలాగా ఒక్కో మీటకు మూడేసి అక్షరాలు ఇరికించినవి కావు. టైపు మిషనుకున్నట్టు ఏ అక్షరానికి ఆ మీట. హిందూపురంలో టైపు లోయరు పాసైన ఉమాదేవి ఆ వరసలు చూడగానే చిన్నపిల్లలా నవ్వేసింది. చూడకుండా కొట్టి చూపించింది. గంగాధర్ కూడా నవ్వాడు. మళ్లీ వచ్చినప్పుడు మాత్రం అడిగాడు.

"ఇంత బిరబిరా కొడతాండావే, నాకు గాక ఇంకెవరికి కొట్టి నేర్చుకుంటివి?"

అప్పటినుంచి ఒక్క వేలితో వెతుక్కుంటూ కొట్టడం అలవాటు చేసుకుంది.

ఆకు మోపుతో వచ్చిన అత్త పెద్దక్క, కోడలు చేతులు కడుక్కోవడం చూసి నవ్వింది. "మల్లా వాడేనా?"

"ఊఁ."

"నా తమ్ముని కూతురువి, అదృష్టం ఉండాది నీకు." మోపు దించి నడుము పట్టుకుంది. "మీ మామ ఉన్నన్నాళ్లూ నేను తోటకాడ చచ్చినానో బతికినానో అడిగిన పాపాన పోలేదు. వీడు చూడు, కారు తోలుకుంటా గంటకొకసారి అడుగుతాడు."

ఉమాదేవి ఆకు తుంచుతూ ఉండిపోయింది. ఆ ఫోను చెవికి ఆనించుకుంటే అవతలి మాట పక్కనున్నవాళ్లకు వినపడదు. 'అమ్మకియ్యి' అన్నప్పుడు గంగాధర్ గొంతు వేరే. మోకాళ్లెట్లున్నాయి, మందు పూసుకుంటున్నావా అని అడుగుతాడు. పెద్దక్క "బాగుండా నాయనా, బాగుండా" అని ఫోను తిరిగిచ్చేటప్పుడు కళ్లు తుడుచుకుంటుంది.

పక్కింటి చౌడమ్మయితే ఫోనును కొత్త కోడల్ని చూసినట్టు చూస్తుంది. "మా మండలాఫీసులో సారు కాడ గూడా ఇట్లాంటిది లేదమ్మే. నిన్ను రాణి మాదిరి పెట్టుకున్నాడు నీ మొగుడు."

మల్బరీ తోట ఊరికి పడమర, గుట్ట అవతల ఉంది. గుట్ట దాటితే ఫోనుకు కర్ణాటక టవరు తగులుకుంటుంది. ఆ టవరు కింద ఫోను ఎత్తినా డబ్బు తెగుతుంది. ఆ శుక్రవారం ఆకు కోతకు పోయినప్పుడు గంగాధర్ మూడుసార్లు చేశాడు. మూడోసారి మాట మధ్యలో ఫోను చప్పబడిపోయింది. లోపలున్న డబ్బంతా అయిపోయింది.

ఆకు ఆగదు గదా. ఎండ ముదిరితే వాడుతుంది, వాడిన ఆకు పురుగులు ముట్టవు. ఉమాదేవి కొడవలితో కొమ్మలు నరుకుతూనే ఉంది కానీ ప్రాణమంతా ఫోను మీదే ఉంది. మోపు కట్టి తలకెత్తుకుని గుట్ట దిగేసరికి మెడ నరాలు లాగుతున్నాయి. ఇవతలి టవరు తగలగానే, మోపు నెత్తిమీద ఉండగానే, ఫోను అరిచింది. ఒక చేత్తో మోపు పట్టుకుని ఎత్తింది.

"ఇంతసేపు యాడ సచ్చినావ్?"

"తోటలో, బావా. దుడ్లు అయిపోయినాయి ఫోన్లో."

"నాకు కతలు సెప్పద్దు. కట్ చేసి ఎవునితో మాట్లాడతాంటివి?"

"దేవుని మీద ఒట్టు బావా, ఆకు..."

"నోరు మూసుకో. అడిగిందానికి చెప్పు. తోటకాడ ఎవరుండారు?"

"ఎవరూ లేరు."

"ఎవరూ లేకనేనా అంతసేపు? కాళ్లిరగ్గొట్టి మూల కూచ్చోబెడతా ఒకనాడు. అప్పుడు యాడికి పోతావో సూస్తా."

దారిలో ఊరి రైతు బాలప్ప ఎద్దులను తోలుకుపోతూ, నెత్తిన మోపు, చెవిన ఫోను చూసి మెచ్చుకోలుగా తలాడించాడు. ఉమాదేవి కూడా తలాడించింది.

"నేనొక మాట అనుకున్నా," అన్నాడు గంగాధర్. ఇప్పుడతని గొంతులో కోపం లేదు. అందుకే ఆమెకు ఇంకా భయమేసింది. "ఈ ఆదివారం గాదు, వచ్చే ఆదివారం కారు తెస్తా. గుడ్డలు సర్దుకో. ఈడ బొమ్మనహళ్లిలో రూము చూసినా. నేను డ్యూటీకి పోయేటప్పుడు బయట తాళమేస్తా, వచ్చి తీస్తా. మా కాడ డ్రైవరు వెంకటరాముడు పెండ్లాన్ని అట్లనే పెట్టుకున్నాడు. ఏం తక్కువైంది ఆమెకు? టీవీ ఉండాది, ఫ్యాన్ ఉండాది. నాకు ఈ తలకాయనొప్పి ఉండదు."

"పురుగులు..."

"పురుగులు అమ్మ చూసుకుంటాది. మీ నాయనకు నేనే చెప్తాలే."

"సరే బావా," అంది.

ఇంటికి పోయి ఫోన్లో డబ్బు వేయించాక నాయనకు చేద్దామనుకుంది. వెనక ఒకసారి చేసింది. ఊరికే ఫోను చేసి విసిగిస్తున్నాడు నాయనా అంటే, ఆయన నవ్వాడు. "పరాయోడా తల్లీ? మా అక్క కొడుకు. అంత ఖరీదు ఫోను కొనిచ్చి మాట్లాడతాండాడంటే ప్రేమ గదమ్మా. ఫోనెత్తి ఒక మాట మాట్లాడేదానికి నీకేం కష్టం?" ఏం కష్టమో చెప్పబోతే అదొక కష్టమని పేరు పెట్టడానికి మాటే దొరకలేదు. కొట్టలేదు. తిండికి తక్కువ లేదు. ఈసారి ఆ నంబరు దాకా పోయి ఆగిపోయింది.

పురుగులు పండబారాయి. తెల్లటివి ఒక పూటలో తేనెరంగు తిరిగి, మేత మాని, తలలెత్తి గాలిలో వెతుక్కోవడం మొదలుపెట్టాయి. ఇక ఒక్క క్షణం ఆలస్యం పనికిరాదు. పండినదాన్ని పండినట్టు ఏరి, వెదురుబద్దలు సుడులుగా అల్లిన చంద్రికల మీద వదలాలి. లేకపోతే తట్టలోనే, రెట్టలోనే దారం వదిలేస్తాయి. నెలరోజుల కష్టం మట్టిపాలు. బాలప్ప, చౌడమ్మ పొద్దున్నే వచ్చి చెయ్యేశారు. నలుగురూ వంగి ఏరుతూనే ఉన్నారు. అన్నం పొద్దుకు వాళ్లిద్దరూ తిని వస్తామని ఇంటికి పోయారు. అప్పుడు మోగింది ఫోను.

"ఎవరెవరుండారు ఆడ?"

"అత్త. పొద్దున చౌడమ్మక్క, బాలప్ప మామ వచ్చినారు."

"బాలప్ప ఏటికి?"

"పురుగులు పండినాయి బావా. అందరూ..."

"వీడియో తియ్యి. షెడ్డంతా తిప్పి తియ్యి, ఎవరుండారో అవుపడల్ల. ఆదివారం వచ్చి చూస్తా."

ఫోను పెట్టేశాడు. ఉమాదేవి వీడియో మీట నొక్కింది. ఖాళీ లేదని, కొన్ని తీసేయమని ఇంగ్లీషులో అక్షరాలు వచ్చాయి. ఏవి తీసేయాలో వెతుకుతూ తెర మీది ఒక్కో పెట్టె తెరిచింది. ఫొటోలు కొన్నే ఉన్నాయి. పాటలు కొన్నే. అడుగున ఆమె ఎన్నడూ తెరవని పెట్టె ఒకటుంది. అందులో ఏవో ఫైళ్లు వరసగా, తేదీలూ వేళలూ వేసుకుని, కిందికి తోసేకొద్దీ వస్తూనే ఉన్నాయి.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. వచ్చిన ప్రతిసారీ గంగాధర్ ఫోను తీసుకుని మిద్దెమీదికి పోయి చెవుల్లో వైర్లు పెట్టుకుని కూర్చుంటాడు. పాటలు వింటున్నాడనుకునేది. ఈ ఫోనులో వచ్చిన మాటా, పోయిన మాటా దానంతటదే రికార్డు చేసి దాచిపెట్టుకునేట్టు పెట్టి ఇచ్చాడు. పరాయి గొంతు ఏదైనా దొరుకుతుందేమోనని వెతుక్కునేవాడు.

బొటనవేలు ఒకదాని మీద ఆగి నొక్కింది. తీసేసేముందు ఏముందో చూద్దామనే నొక్కింది. వీపునిండా ఉన్న స్పీకర్లు ఒక్కసారిగా తెరుచుకున్నాయి.

"...నోరు మూసుకో. అడిగిందానికి చెప్పు. తోటకాడ ఎవరుండారు?"

రేకుల కింద గంగాధర్ గొంతు ఖంగున మోగింది. అవతలి వరసలో పెద్దక్క వంగినచోటనే ఆగిపోయింది.

ఆపే మీట ఎక్కడుందో ఉమాదేవికి తెలుసు. చూడకుండా నొక్కగలదు. వేలు దానిమీదే ఉంది.

నొక్కలేదు.

"...కాళ్లిరగ్గొట్టి మూల కూచ్చోబెడతా ఒకనాడు..."

బొమ్మనహళ్లి రూము వచ్చింది. బయటి తాళం వచ్చింది. వెంకటరాముని పెండ్లాం వచ్చింది. చివర ఒక సన్నటి గొంతు, 'సరే బావా' అంది. అది తన గొంతని తెలుసుకోవడానికి ఉమాదేవికి కొంచెంసేపు పట్టింది. ఎవరో ముసలిదాని గొంతులా ఉంది. గంగాధర్ మాటలకు ఆమెకు రాని ఏడుపు ఆ రెండు మాటలకు వచ్చింది.

చప్పుడు ఆగిపోయింది. పురుగులు కూడా మేత మానినవే కాబట్టి షెడ్డులో ఏమీ వినపడలేదు. పెద్దక్క అరచేతిలో పండిన పురుగు ఒకటి తలెత్తి అటూ ఇటూ ఆడిస్తోంది.

"ఇంకోటి పెట్టు," అంది పెద్దక్క.

ఉమాదేవి పెట్టింది. 'షెడ్డులో అయితే చప్పుడే లేదే' అనేది అది. మరొకటి పెట్టింది. అందులో అతను ఆమె రవిక రంగు అడిగాడు, అది ఎందుకు వేసుకున్నావని అడిగాడు. నాలుగోది మొదలవగానే పెద్దక్క చెయ్యెత్తింది.

"చాలు. వాళ్ల నాయన గొంతే వచ్చింది వానికి."

అంతే అంది. చేతిలోని పురుగును చంద్రిక మీద వదిలింది. "కానీమే, దారం వదలతాండాయి," అని మళ్లీ వంగింది.

ఆ పొద్దు ఇంకేమీ మాట్లాడలేదు. మర్నాడూ మాట్లాడలేదు. గంగాధర్ ఫోన్లు వస్తూనే ఉన్నాయి, ఉమాదేవి మూడో రింగు లోపల ఎత్తుతూనే ఉంది. పెద్దక్క మాత్రం "మల్లా వాడేనా" అని నవ్వడం మానేసింది. ఒకసారి "అమ్మకియ్యి" అంటే ఉమాదేవి ఫోను అందించబోయింది. పెద్దక్క చేతులకు పేడ ఉందని తల అడ్డంగా ఆడించింది. చేతులకు పేడ లేదు.

చంద్రికల మీద పురుగులు తమ చుట్టూ తామే దారం అల్లుకున్నాయి. మొదట పొగమంచులా పలచగా, లోపల తల కదలడం కనిపిస్తూ. తర్వాత చిక్కబడి, చిక్కబడి, ఏమీ కనపడకుండా మూసుకుపోయాయి. ఉమాదేవి వాటిమధ్య తిరుగుతూ, చచ్చినవాటిని ఏరి పారేస్తూ, పెద్దక్క మనసులో ఏముందో తేల్చుకోలేకపోయింది. కన్నకొడుకు. వినిపించి తప్పు చేశానా? అత్త కొడుకుకు చెప్పేస్తే ఆ రూము తాళం తీసే గంట కూడా ఉండదేమో. శనివారం పొద్దున ట్రంకుపెట్టె దించి చీరలు సర్దింది. పెద్దక్క గడపలో నిలబడి చూసింది. ఏమీ అనకుండా మేకకు నీళ్లు పెట్టడానికి పోయింది. అప్పుడు ఉమాదేవికి ఉన్న కాస్త ఆశా పోయింది.

ఆదివారం తెల్లకారు వచ్చి వాకిట్లో ఆగింది. చంద్రికలు బయట నీడలో వరసగా ఆనించి ఉన్నాయి. ఉమాదేవి, పెద్దక్క, చౌడమ్మ పట్టుగూళ్లు ఊడదీస్తున్నారు. బాలప్ప గోనెసంచులు దులుపుతున్నాడు. గంగాధర్ ఇస్త్రీ చొక్కాతో దిగి, తల్లి చేతిలో మిఠాయి పొట్లం పెట్టాడు. గూళ్లు చేతిలోకి తీసుకుని బాగా వచ్చాయన్నాడు. ఉమాదేవి వైపు చూడకుండానే, "సర్దినావా? ఎండ దిగకముందే బయల్దేరల్ల," అన్నాడు.

ఉమాదేవి లేవబోయింది. పెద్దక్క ఆమె మోకాలి మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"గంగా, ఇట్ల కూచ్చో."

"టైము లేదు మా."

"దాన్ని తీసుకపోదువులే. ముందు ఫోన్లో దానితో మాట్లాడేది ఈడ మాట్లాడు. నేను ఇంటా."

గంగాధర్ నవ్వాడు. "ఏంది మా? ఏం మాట్లాడల్ల?"

"పోయిన వారం శుక్రవారం మాట్లాడింది మాట్లాడు. కాళ్లిరగ్గొడతా అంటివి గదా. యా కాలు? ఇదో, కూచ్చోనుండాది. ముట్టుకొని చెప్పు."

చౌడమ్మ చేతులు ఆగిపోయాయి. బాలప్ప దులుపుతున్న సంచిని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. గంగాధర్ మొహం ఎర్రబడి, ఉమాదేవి వైపు తిరిగింది.

"నువ్వు చెప్పినావా?"

"దాన్ని అడగద్దు. అది నాకు ఒక్క మాట చెప్పలేదు, ఇన్ని దినాలూ. నువ్వే చెప్పినావు. నీ గొంతుతో నువ్వే చెప్పినావు, ఆ ఫోన్లోనుంచి."

అతనికి అర్థమైంది. అర్థమైనట్టు అతని చెయ్యి చెప్పింది. కారు తాళాలను వేలికి తిప్పుతున్నది ఆగిపోయింది.

"మీ నాయనకు ఫోను లేదు గంగా," అంది పెద్దక్క. గొంతు పెంచలేదు. గూడు మీది పీచు తీస్తూనే ఉంది. "అరిచినాడంటే ఊరంతా ఇనపడేది. నలుగురు వచ్చి అడ్డం పడేటోళ్లు. నువ్వు చిన్నోడివి, వచ్చి నా చీర పట్టుకుంటాంటివి. నీకు ఫోను ఉండాది. ఎవురికీ ఇనపడదు. నేను పక్కనే కూచ్చోని, ఎంత బంగారట్ల కొడుకును కంటినా అని మురిసిపోతాంటిని."

గంగాధర్ ఏదో అనబోయాడు. వాకిట్లో ముగ్గురు ముందు, తల్లి ముందు, ఆ మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు. చివరికి చెయ్యి చాచాడు.

"ఫోనిట్లియ్యి."

ఫోను ఉమాదేవి ఒడిలో ఉంది. ఆమె దాన్ని చూసింది. మీటల మీద అక్షరాలు అక్కడక్కడా అరిగిపోయాయి.

"ఇయ్యను," అంది. ఫోనును కొంగులో చుట్టుకుంది. "నాకని తెచ్చిస్తివి గదా బావా. నా కాడనే ఉంటాది."

అతను చాచిన ఆ ఖాళీ చేతిని జేబులో పెట్టుకున్నాడు.

పెద్దక్కే లేచి సంగటి పెట్టింది, పప్పు పోసింది. గంగాధర్ తల వంచుకుని తిన్నాడు. ఎండ దిగకముందే కారు ఒక్కడినే ఎక్కించుకుని తారురోడ్డు వైపు పోయింది. దుమ్ము సర్దుకున్నాక పెద్దక్క వచ్చి మళ్లీ గూళ్ల ముందు కూర్చుంది. చేతులు పనిచేస్తున్నాయి గానీ, మెత్తబడిన పనికిరాని గూళ్లను తీసి మంచిగూళ్ల రాశిలో వేస్తోంది. ఉమాదేవి చూసింది. అత్త వేసినవాటిని వేసినట్టు మెల్లగా ఏరి పక్కకు పెడుతూ కూర్చుంది.

సోమవారం పొద్దున అత్తా కోడళ్లు హిందూపురం గూళ్ల మార్కెట్‌కు పోయారు. సంచులు విప్పి గూళ్లను తమకిచ్చిన తొట్టిలో గుమ్మరించారు. ఇసుకరంగు వెలుగు పడ్డట్టయింది ఆ మూల. పెద్దక్క మొహం కడుక్కొస్తానని అటు చివరనున్న కొళాయి దగ్గరికి పోయింది. కొనేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చెయ్యి ముంచి, గూళ్లు నొక్కి చూసి, చెవి దగ్గర ఆడించి పోతున్నారు.

తలపాగా ఆయన ఒకడు రెండు గూళ్లు ఆడిస్తూ, "ఎన్ని దినాల కింద కట్టిందమ్మా?" అని అడుగుతుండగా సంచిలో ఫోను అరిచింది. ఉమాదేవి చెప్పాల్సింది చెప్పింది. ఆయన తల పంకించి పక్క తొట్టి వైపు పోయాక, ఫోను తీసి చెవికి పెట్టుకుంది.

"ఏం బావా."

అవతల బండ్ల హారన్లు వినపడుతున్నాయి. వాటిమధ్య గంగాధర్ మాట లోగొంతుకలో, ఎవరైనా వింటారేమోనన్నట్టు వచ్చింది.

"అమ్మ పక్కనుందా?"

ఉమాదేవి తలెత్తి చూసింది. జనం అవతల, కొళాయి దగ్గర, పెద్దక్క వంగి రెండు చేతులతో మొహం మీద నీళ్లు చల్లుకుంటోంది. ఎంత గట్టిగా పిలిచినా వినపడని దూరం.

"ఉండాది," అంది ఉమాదేవి.

మళ్లీ హారన్లు. గొంతు సవరించుకున్న చప్పుడు.

"గూళ్లు... ఎట్ల పోతాండాయి?"

"ఇప్పుడే చూస్తాండారు," అంది ఆమె, పక్కకు జారిన గూళ్లను అరచేత్తో రాశి మీదికి తోస్తూ. "బాగుండాయంటాండారు."